పొంగులో వేసిన చుక్కలు

చిలకలగూడ,
10 ఫిబ్రవరి 2025

చెల్లె సుమిత్రకు,

అక్కడ కాప్రాల నీ మోకాళ్లు, నీ గులాబీ కుండీలు రెండూ బాగుండాలని కోరుకుంటూ అన్న బిక్షం రాస్తున్నది.

ముందుగల నా నిరసన రాసుకో. బస్సెక్కితే నీ గేటు ముందల దిగుత. అయినా నువ్వు నాకు వేసిన శిక్ష ఉత్తరం! "ఫోన్ల నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనియ్యవన్నా. ఇగ ఏమున్నా కాగితం మీద రాయి, నేను సుత రాస్త. అట్లన్న నా మాట కడదాక వింటవు" అని నా నంబరు బంద్ పెట్టినవు. నీ రిటైర్మెంటు ఫంక్షన్‌ల నేను జెర ఎక్కువ మాట్లాడిన, నిజమే. వంటలు చల్లారినయి, అదీ నిజమే. ఇన్నేండ్లు సర్కారు బడిల సైన్సు చెప్పిన టీచరమ్మ దిగిపోతుంటె గురువు మహిమ రెండు ముక్కలల్ల ముగించాల్నా? సరే, పోనీ. నీ తీర్పు నెత్తిన పెట్టుకొని పెన్ను పట్టిన.

ఫాల్గుణం వస్తున్నది. దేవతల తల్లి పట్టిన పాలవ్రతం నేను ఏటా పడతనని నీకెరుకే. పాడ్యమి సంది పన్నెండు రోజులు పాలు తప్ప మరొకటి నాలుక మీద పెట్టేది లేదు. ఉప్పు లేదు, చక్కెర లేదు, గింజ లేదు. పగలు పాలు, సాయంత్రం కమ్యూనిటీ హాల్ల ప్రవచనం. రైల్వేల ఫిట్టరుగ ఉన్న కాలం సంది ఇది తప్పలే. బడి చదువు నాకు ఎంత దక్కిందో నీకు తెలుసు. శాస్త్రం నాకు నేనే కూడబలుక్కొని నేర్చుకున్న. ఈ వ్రతమే నా డిగ్రీ. జనం నా ముందు కూసునేది గొంతు బాగుందని కాదు, వీడు చెప్పింది చేస్తడని.

పోయినేడు ఏమైందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. పాలసముద్రం చిలికే ఘట్టం. పర్వతం గిర్రున తిరుగుతున్నది, పాము బుసలు కొడుతున్నది, విషం ఇప్పుడు పుడుతదా అప్పుడు పుడుతదా అని జనం ఊపిరి బిగబట్టిండ్రు. అప్పుడు నా కడుపుల చిలుకుడు షురూ అయింది. పర్వతాన్ని ఎక్కడ వదిలిన్నో తెల్వదు, మైకు కిందవడేసి ఉరికిన. వెనుకకెల్లి ఎవడో "విషం పుట్టినట్టున్నది" అన్నడు. హాలంత గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఇంకా నా చెవులల్ల ఉన్నది సుమిత్రా.

డాక్టరు దగ్గరికి పోతే, నా మనుమడి ఈడు పోరడు, "తాతా, నీకు పాలు పడుతలేవు, మానెయ్" అన్నడు. పాలు మానుడా! నా వ్రతం పేరే పాలు! హాలు కమిటీ అధ్యక్షుడు రామభద్రరావు గారు మెత్తగ, "ఈసారి పళ్లరసంతో కానిచ్చేయండి గురువుగారూ, ఎవరడుగుతారు?" అన్నరు. అడిగేటోడు పైన ఉన్నడయ్యా అన్న.

ఒక్కటి రాస్తున్న, విను. ఈసారి మల్ల మధ్యల లేచి ఉరికిన్నంటె ఇగ ఆ మైకు ముందల కూసోను. చెప్పింది చెయ్యలేనోనికి చెప్పే హక్కు లేదు. నీ సైన్సుల దీనికి ఏమన్న ఉంటె రాయి. లేకుంటె ఉన్నదున్నట్టు లేదని రాయి.

నీ అన్న,
బిక్షం


కాప్రా,
13 ఫిబ్రవరి

అన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి కండ్లల్ల నీళ్లొచ్చినయి. చూసినవా, ఫోన్ల అయితే ఈ రెండో పారి ఉండకపోవు.

డాక్టరు చెప్పింది సగమే. పాలల్ల లాక్టోజ్ అని ఒకటుంటది. దాన్ని రెండు ముక్కలు చేసే ఎంజైము మన పేగులల్ల పుడుతది. వయసు మీదపడ్డకొద్దీ చానమందికి అది తక్కువైతది. అప్పుడు ముక్కలు కాని లాక్టోజ్ కింది పేగుల్లకు పోయి పులుస్తది. గ్యాసు, కడుపునొప్పి, ఉరుకుడు. ఇది పాపం కాదు, కలికాలం కాదు. నాకు సుత ఉన్నది.

ఆ ఎంజైమునే చుక్కల మందుగ అమ్ముతరు. నేను నా పాలు ఇంట్లనే అట్ల చేసుకుంట, చాయ్‌ల అవే పోసుకుంట. ఏం కష్టం లేదు. కాగిన పాలల్ల లీటరుకు పది చుక్కలు వేసి కలిపి, ఫ్రిజ్‌ల పెట్టి, తెల్లారి తాగు. కడుపుల జరగాల్సిన పని గిన్నెలనే అయిపోతది. పాలు పాలలెక్కనే ఉంటయి. నీ వ్రతం నీకు దక్కుతది, కడుపు కడుపు తీరుగ ఉంటది.

సీసా భాను చేతికిచ్చి పంపుతున్న. నీ కొడుకు అప్పుడప్పుడు నా గేటు దాక వస్తడు, నువ్వే రావు. పని నీ కోడలు అనుపమకు అప్పజెప్పు. బ్యాంకుల తల తిరిగే లెక్కలు చూసే పిల్ల, పది చుక్కలు వెయ్యలేదా.

ఉంటనన్నా,
సుమిత్ర


చిలకలగూడ,
17 ఫిబ్రవరి

చెల్లె సుమిత్రకు,

నీ సీసా అందింది. నీ ఆశీర్వాదం అనుకొని కండ్లకద్దుకున్న. తర్వాత డబ్బాల ఉన్న కాగితం విప్పి, ఇంగ్లీషు కాబట్టి కోడలిని చదవమన్న. చదువుకుంట పోతూ అనుపమ ఒకచోట ఆగింది.

"ఏందమ్మా ఆగినవు?"

"ఏం లేదు మామయ్యా. దేంతోటి తయారు చేస్తరో రాసిండ్రు."

"దేంతోటి?"

"ఫంగస్."

"తెలుగుల చెప్పు."

"బూజు, మామయ్యా."

బూజు! సుమిత్రా, బూజు! పూజగదిల మూలకు పట్టేది, తడిసిన చెప్పుకు పట్టేది, ఊరగాయ జాడీ మీద తెల్లగ తేలితే గరిటె పెట్టి తీసి పారేసేది! దాన్ని నా వ్రతం పాలల్ల చుక్కలు చుక్కలుగ వెయ్యమంటవా? పాలంటే ఏమనుకున్నవు? పుట్టిన బిడ్డ నోట్ల మొదట పడేది పాలు. దేవుడు పడుకున్నది పాల మీద. ఆ పాలల్లకు బూజు తెచ్చిన చెల్లెను నేను ఇప్పటిదాక చూడలే, వినలే. మందు వ్రతాన్ని చెడగొట్టదని పెద్దల మాటున్నది, నేను కాదనను. కని బూజు మందెట్లయితది?

అనుపమ మూతి ముడుచుకొని నవ్వు ఆపుకుంటున్నది. ఆ సీసాను బయట పడేయమంటె "ఖాళీ చేసి పడేస్త లెండి" అని ఫ్రిజ్ తలుపుల పెట్టింది. ఈ ఇంట్ల నా మాటకు ఉన్న విలువ అది.

అసంతృప్తితోటి,
బిక్షం


కాప్రా,
20 ఫిబ్రవరి

అన్నా,

సోమవారం సోమవారం నువ్వు లింగం మీద పెరుగు పోస్తవు. ఆ పెరుగు ఎట్లయింది? పాలల్ల తోడు వేస్తేనే కదా. తోడంటె ఏందో ఎన్నడన్న ఆలోచించినవా? కంటికి కనబడని పురుగులు, ఒక్క చెంచాల లెక్కపెట్టలేనన్ని. రాత్రంత అవి పాలల్ల పడి పని చేస్తయి. ఇడ్లీ పిండి పొంగేది నీ మంత్రానికి కాదు. దేవునికి పెరుగు పనికొస్తది కని నీ కడుపుకు చుక్కలు పనికిరావా?

మందుల షాపుల దొరికే సీసాల బూజు ఉండదు. బూజు చేసిన ఎంజైమును వేరుచేసి, శుభ్రం చేసి పోస్తరు. తేనె తాగేటప్పుడు తేనెటీగను తాగుతున్నవా?

నాకు కోపమొచ్చింది అన్నా. నా మోకాళ్లతోటి మెట్లు దిగి మందుల షాపుకు పోయి తెచ్చిన సీసా అది. వ్రతం షురూ కాకముందే ఒకసారి చేసి చూడు. కడుపు బాగుంటె నాది గెలుపు. లేకుంటె నీ ఇష్టమున్నట్టు హాల్ల నా పేరు పెట్టి తిట్టు.

సుమిత్ర


చిలకలగూడ,
24 ఫిబ్రవరి

చెల్లె సుమిత్రకు,

తేనెటీగ మాట నన్ను నిద్రపోనియ్యలే. అది నిలబడే మాట. కాబట్టి ఓడినోని తీరుగ నీ మందును పరీక్షకు పెట్టిన. అనుపమను వంటింట్లకు రానియ్యలే. నా వ్రతం, నా చెయ్యి. ఏ శుభకార్యమైనా పాలతోటి ఎట్ల మొదలుపెడతమో అట్లనే, స్నానం చేసి, నామం చెప్పుకుంట, సరిగ్గ పది చుక్కలు వేసిన. ఫ్రిజ్‌ల పెట్టి తెల్లారి రెండు గ్లాసులు తాగిన.

ఫలితం రాయడానికి సిగ్గయితున్నది. పోయినేటి కంటె ఘోరం. మధ్యాహ్నం దాక మంచానికి బాత్రూముకు మధ్య నేనే పాలసముద్రం లెక్క చిలుకబడ్డ. రుచిల సుత ఇసుమంత మార్పు లేదు. ఆ చుక్కలు వేసినట్టే లేదు. అవి మంచినీళ్లు సుమిత్రా! రంగుల డబ్బాల నీళ్లు పోసి నిన్ను మోసం చేసిండ్రు, నువ్వు చదువుకొని సుత నమ్మినవు.

శుక్రవారం వ్రతం మొదలు. ఇగ నా కడుపు, నా దేవుడు. సీసాను పారేయమని అనుపమకు మల్ల చెప్పిన.

బిక్షం


కాప్రా,
27 ఫిబ్రవరి

అన్నా,

నాకు పనిచేసే మందు నీకెందుకు పనిచెయ్యది? నువ్వు ఎట్ల వేసినవో పూసగుచ్చినట్టు రాయి. నీ ఉత్తరంల స్నానమున్నది, నామమున్నది, అసలు ముచ్చట లేదు. ఎన్ని పాలు, ఏ గిన్నె, ఎప్పుడు వేసినవు, ఎంతసేపు ఉంచినవు?

నాకొకటే అనుమానం. నేను తప్పని తేల్చడానికే నువ్వు చేసి చూసినవు. అట్ల కాదంటె రాయి.

వ్రతం పైలంగ చేసుకో. తల తిరిగితె భానుకు చెప్పు, పంతం పట్టకు.

సుమిత్ర


చిలకలగూడ,
4 మార్చి

సుమిత్రకు,

నా వ్రతం మంట కలిసింది. కలిపింది నా ఇంటి మనిషే.

మొదటి రోజు కడుపు మామూలు తక్లీఫే. సాయంత్రం నడుము పట్టుకొని ప్రవచనం చెప్పిన. రెండో రోజు సంది అనుపమ ఇచ్చిన పాలు కమ్మగ అనిపించినయి. బర్రెకు మంచి మేత దొరికిందేమో అనుకున్న. తర్వాత అనుమానం పట్టింది. అవి కమ్మగ కాదు, తియ్యగ ఉన్నయి. వ్రతం పాలల్ల తీపెక్కడిది? నాలుక నాది, ఎన్నేండ్ల సంది చప్పిడి పాలు తాగిన నాలుక, దాన్ని మోసం చెయ్యలేరు.

నిన్న పొద్దున రామభద్రరావు గారు నన్ను చూడొచ్చిండ్రు. అనుపమను ఆయన ముందలనే అడిగిన.

"పాలల్ల ఏం వేసినవమ్మా?"

"చిన్నత్తమ్మ పంపిన చుక్కలే మామయ్యా. మొదటి రోజు మీరు పడే బాధ చూడలేకపోయిన. వేస్తున్నని ఆ రాత్రే మీకు చెప్పిన, మీరు జపంల ఉండి తలూపిండ్రు."

"ఆ చుక్కలు నేను వేసి చూసిన. పాలు తియ్యగ కాలే."

"మీరు పొంగుల వేసిండ్రు కదా, తలుపు కాడికెల్లి చూసిన. అది చల్లారినంక..."

నేను చెయ్యెత్తిన. నాకు నేర్పుతదా? పాలు పొంగేటప్పుడే కదా మంచి జరిగేది! కొత్తింట్ల పొంగిస్తం, పండుగకు పొంగిస్తం. ఏది కలిపినా పొంగు మీదనే కలపాలని మన అమ్మ చేసి చూపించలేదా? నేను సుత పాలు అంచు దాక లేచిన గడియలనే పది చుక్కలు వేసిన. ఏం తీపి కాలే. మరి ఇప్పుడు తీపి యాడికెల్లి వచ్చింది? చక్కెర డబ్బాలకెల్లి!

రామభద్రరావు గారు జేబుల చెయ్యిపెట్టి, "గొడవెందుకండీ గురువుగారూ, నా షుగరు మిషను ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది, తేల్చేద్దాం" అన్నరు. రక్తం బదులు పాలచుక్క పెట్టిండ్రు. మిషను అంకె సుత చూపలే. "హై" అని చూపింది. ఇంక సాక్ష్యం ఏం కావాలె? అనుపమ మొఖం తెల్లగయింది. "నేను చక్కెర వెయ్యలే" అన్నది.

సాయంత్రం మైకు ముందల నాకు ఆగలే. పేరు తియ్యలే. పెద్దల నోము పాలల్ల చక్కెర కలిపి నవ్వుకునే కోడళ్లు ఈ కాలంల పుట్టిండ్రని, రాక్షసులు బయట లేరు, మన వంటిండ్లల్లనే గరిటె పట్టుకొని తిరుగుతున్నరని అన్న. అనుపమ బ్యాంకు నుంచి అటే వచ్చి మూడో వరుసల కూసున్నది. హాలంత మెల్లగ తల తిప్పి ఆమె దిక్కు చూసింది. లేచి పోయింది. నేను ఇంటికి పోయేసరికి బ్యాగు లేదు. కార్ఖానా బస్తీల ఉన్న తల్లిగారింటికి పోయిందట. భాను నాతోటి మాట్లాడుతలేడు. పాలు వాడే కాగబెట్టి టేబుల్ మీద కొట్టినట్టు పెట్టి పోతున్నడు.

ఇంత జరిగినా ఒక్క మేలు. నిన్నటిదాక కడుపు రాయి లెక్క ఉన్నది. ఒక్క పొల్లు నొప్పి లేదు, ఒక్కనాడు ఉరకలే. అది స్వామి దయ.

బిక్షం


కాప్రా,
6 మార్చి

అన్నా,

నీ చివరి నాలుగు లైన్లు మల్ల నువ్వే చదువుకో. కడుపు రాయి లెక్క ఎందుకున్నదో తెలుస్తలేదా? స్వామి దయనే, కాదనను. చేతులు అనుపమవి.

గట్టిగ రాస్తున్న, కడదాక చదువు, చెయ్యెత్తకు.

ఒకటి. ఎంజైము మరుగుడు వేడికి చచ్చిపోతది. నువ్వు పొంగుల వేసినవు, పడ్డ గడియలనే అది ఖతం. అందుకే నీ పాలు తియ్యగ కాలే, నీ కడుపు ఆగలే. ఆ పిల్ల కాగితం చదివి చల్లారిన పాలల్ల వేసింది, పనిచేసింది.

ఇంకోటి. లాక్టోజ్‌కు తీపి తక్కువ. రెండు ముక్కలైతే తీపి ఎక్కువైతది. బయటి నుంచి పలుకు చక్కెర వెయ్యకుండనే పాలు తియ్యగయితయి. నేను చాయ్‌ల పోసుకుంట కాబట్టి నాకు ఆ తేడా యాదికి రాలే, నీకు రాయలే.

ఇగ నీ సాక్ష్యం సంగతి. ఆ మిషను చూసేది గ్లూకోజును. లాక్టోజ్ విరిగితె పుట్టే రెండు ముక్కలల్ల ఒకటి అదే. వంటింటి చక్కెరను ఆ మిషను గుర్తుపట్టదు. నమ్మకు, నా మాట నమ్మకు. గ్లాసు నీళ్లల్ల నాలుగు చెంచాల చక్కెర కలిపి రామభద్రరావు గారి మిషను మీదనే పెట్టు. "హై" అని వస్తే నేను వచ్చి నీ కాళ్లు మొక్కుత. రాకుంటె, ఆ పిల్ల చక్కెర వెయ్యలేదని సాక్ష్యం చెప్పింది నువ్వు నమ్మిన మిషనే.

నిండు సభల ఒక ఆడబిడ్డను అవమానిస్తుంటె పెద్దలందరు తలలు వంచుకొని కూసున్నరని ఏటా చెప్తవు. హాలంత ఏడుస్తది, నేను సుత ఏడ్చిన. ఈసారి ఆ సభ నీది. మైకు సుత నీదే.

సుమిత్ర


చిలకలగూడ,
8 మార్చి

చెల్లె సుమిత్రకు,

చేసిన.

రామభద్రరావు గారిని పిలిచిన. చక్కెర నీళ్లు కలిపిన. వ్రతంల ఉన్న, రుచి చూడలేను. ఆయనే చెంచాతోటి నాలుక మీద వేసుకొని, "తీపేనండీ, మహా తీపి, మా ఆవిడకి చెప్పకండి" అన్నరు. మిషను మీద పెట్టిండ్రు. "లో" అని వచ్చింది. ఇంకో పట్టీ పెట్టమన్న. "లో". నీళ్లల్ల ఇంకింత చక్కెర పోసి కలిపి మల్ల పెట్టమన్న. "లో". ఆయన కండ్లజోడు తీసి తుడుచుకున్నరు. "గురువుగారూ, అమ్మాయి మీద పెద్ద మాట పడిపోయిందండీ" అన్నరు.

నిన్న రాత్రి పాలు నేను కాగబెట్టిన. చల్లార్చిన. చిటికెన వేలు ముంచి చూసి, చల్లగున్నయని నమ్మకం కుదిరినంక చుక్కలు వేసిన. సీసా ఫ్రిజ్ తలుపుల ఆ పిల్ల పెట్టిన చోటనే ఉన్నది. పొద్దున తాగితె అదే తీపి. రాక్షసులని అన్న మాట ఆ తీపిల కలిసి లోపటికి పోయింది.

కని నీకు సుత ఒకటి చెప్పాలె. నీ మొదటి ఉత్తరం తీసి చూసిన. "కాగిన పాలల్ల లీటరుకు పది చుక్కలు వేసి" అని రాసినవు. చల్లార్చి అన్న మాట యాడ లేదు! నాలాంటి మొండోనికి రాసేటప్పుడు అది రాయాల్నా వద్దా? బడిల పిల్లలకు గిట్లనే చెప్పినవా? సరే. నీ తప్పు ఇంతంత, నాది హాలంత.

కార్ఖానా పోయిన. వియ్యపురాలు వసుధమ్మ గేటు కాడనే నిలబడి, "అనుపమ బ్యాంకుకు పోయింది అన్నయ్యగారూ" అన్నది. చెప్పులు బయటనే ఉన్నయి. నేను ఆ చెప్పులతోటి చెప్పిన, తప్పైంది బిడ్డా అని. తలుపు వెనుకకెల్లి అనుపమ గొంతు వినొచ్చింది. "మామయ్యా, గల్లీల ఎదురొచ్చినోళ్లంత నన్ను చక్కెర కోడలా అంటున్నరు. వాళ్లు విన్నది మైకుల. గేటు కాడ మీరు చెప్పేది వాళ్లకెట్ల వినబడుతది?"

రామభద్రరావు గారు వద్దంటున్నరు. "ఇంటి సంగతి వేదిక మీద మళ్లీ ఎందుకండీ, పరువు పోతుంది." నింద వేసేటప్పుడు ఆ వేదిక మీదకు వచ్చింది సుత ఇంటి సంగతే కదా! మైకు ముందల నేను తప్పని ఒప్పుకుంటె, రేపటి సంది నేను చెప్పే శాస్త్రం ఎవడు నమ్ముతడు? ఒప్పుకోకుంటె నేను ఎట్ల నమ్మాలె? మంగళవారంతోటి వ్రతం ముగుస్తది. పోయినేడు కడుపు నన్ను వేదిక మీదికెల్లి లేపింది. ఈసారి నోరు లేపేటట్టున్నది.

బిక్షం


కాప్రా,
12 మార్చి

అన్నా,

నువ్వు నన్ను చూడలే. నిన్న నేను వెనక స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీల కూసున్న. అనుపమను నేనే తోలుకొచ్చిన. మోకాళ్లు నొస్తున్నయని అబద్ధం చెప్పి తోడు రమ్మన్న. అబద్ధం సుత పూర్తి అబద్ధం కాదు.

నువ్వు ప్రవచనం ఎత్తుకుంటవని, పర్వతాలు తిరుగుతయని, ఒప్పుకోలు యాడనో మధ్యల నామాల కింద కలిపేస్తవని భయపడ్డ. నువ్వు కథ మొదలే పెట్టలే. "ఈ పన్నెండు రోజులు నాలుక మీద పాలు తప్ప మరొకటి పెట్టనని మొక్కిన. పెట్టిన. నింద పెట్టిన. నా కోడలు పాలల్ల చక్కెర వెయ్యలే. నా వ్రతం చెడగొట్టింది నేనే" అన్నవు. ఎవరో "మరి తీపెట్లయినయి?" అని అడిగిండ్రు. నువ్వు మైకు పట్టుకొని మెట్లు దిగి, నడిచొచ్చి అనుపమ చేతుల పెట్టి, కింద నేల మీద కూసున్నవు.

అరవై ఏండ్లల్ల నువ్వు వేరేవాళ్లకు మైకు ఇచ్చుడు నేను చూడలే.

ఆ పిల్ల సుత నీ కోడలే. ఏడుస్తదనుకున్న. గొంతు సవరించుకొని, "పాలు చల్లారినంక వెయ్యాలె" అన్నది. ఒక్కటే మాట. ముందు వరుసల ముసలోళ్లు "ఏం వెయ్యాలె తల్లీ, యాడ దొరుకుతది?" అని మీదపడ్డరు. సగం హాలుకు నీ రోగమే ఉన్నట్టున్నది, అందరు పండ్లు బిగబట్టుకొని పాలు తాగుతున్నరు ఇన్నేండ్ల సంది. రామభద్రరావు గారు సుత జేబుల కాగితం మీద మందు పేరు రాసుకున్నరు.

"చల్లార్చి" అని రాయకపోవుడు నా పొరపాటే. మన ఇండ్లల్ల పాలంటేనే కాగి చల్లారినవి అనుకున్న.

అనుపమ నాతోటి ఆటోల కార్ఖానా దాక వచ్చి దిగిపోయింది. చిలకలగూడకు పొమ్మని నేను అనలే. నువ్వు సుత అనకు. అది ఆమె ఇష్టం. నీ నంబరు బంద్ తీసేసిన. అయినా ఉత్తరమే రాయి, అలవాటైంది.

సుమిత్ర


చిలకలగూడ,
18 మార్చి

చెల్లె సుమిత్రకు,

ఫోన్ చెయ్యబోయి ఆగిన. ఇది కాగితం మీద పెట్టాల్సిన ముచ్చట.

అనుపమ నిన్న పొద్దున వచ్చింది. చెప్పులు విడిచి, నా దిక్కు చూడకుండ వంటింట్లకు పోయింది. ఫ్రిజ్ తీసిన చప్పుడు. నా పాల గిన్నె మూత తీసిన చప్పుడు.

"ఇది ఎవరు చేసిండ్రు?"

"నేనే బిడ్డా. చల్లార్చిన. వేలు ముంచి చూసిన."

"వేలు ముంచిండ్రా? కడిగిండ్రా ముందుగల?"

"కడిగిన."

పొయ్యి మీద గిన్నె పెట్టింది. నేను కుర్చీల కూసొని పేపరు తలకిందులుగ పట్టుకున్న. చివరికి గ్లాసు తెచ్చి నా ముందల పెట్టి చేతులు కట్టుకొని నిలబడ్డది.

గుక్కెడు తాగిన. పండ్లు జివ్వుమన్నయి. ఇది మందు తీపి కాదు, పాల తీపి కాదు. తల ఎత్తి చూసిన.

"అనుపమా, గిదేంది?"

"చక్కెర, మామయ్యా. మీ వ్రతం అయిపోయింది కదా. ఈసారి నిజంగనే వేసిన. మైకు తెమ్మంటరా?"

భాను తలుపు కాడ నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. ఎన్నో రోజులయింది వాడు నా ముందల నవ్వక.

ఆ గ్లాసు నేను దించలే సుమిత్రా. కడదాక తాగిన. అడుగున కరగని పలుకులు కుప్పపడి ఉన్నయి, ఎంత వేసిందో అర్థం చేసుకో. చూపుడు వేలుతోటి తీసి అవి సుత నాకిన. అనుపమ అప్పుడు గ్లాసు తీసుకొని లోపటికి పోయింది.

అన్న,
బిక్షం